స్పీకరు కుర్చీ

టీవీలో కొత్త స్పీకరును ఇద్దరు నాయకులు చెరోపక్క నడిచి కుర్చీ దాకా తీసుకెళుతున్నారు. నా చెవులు వేడెక్కాయి.

నాయుడుపేట బడిలో ఆరో తరగతప్పుడు, మాదిరి పార్లమెంటుకు నన్ను స్పీకరును చేశారు. ముందురోజు సోషల్ సారు చెప్పారు: "ఇంగ్లండులో సభ మాటను రాజుకు చెప్పేవాడే స్పీకరు. రాజుకు కోపమొస్తే తల తీసేసేవాడు. అందుకే ఎవురూ ఒప్పుకోకపోతే లాక్కొచ్చి కూర్చోబెట్టేవాళ్ళు. ఆ ఆచారం ఇప్పటికీ ఉంది."

తల తీయడం కూడా ఇప్పటికీ ఉందనుకున్నాను. ఇంటికెళ్ళి, అదే బడిలో రెండో తరగతి చదివే చెల్లెలికి మాత్రం చెప్పాను.

మరునాడు స్నేహితులిద్దరు చేతులు పట్టుకోగానే స్తంభాన్ని వాటేసుకుని ఏడ్చాను. బ్రహ్మాండంగా నటిస్తున్నానని సారు చప్పట్లు కొట్టారు. నిక్కరు తడిశాక చప్పట్లు ఆగాయి.

అంతలో చెల్లెలు పరుగెత్తుకొచ్చి కుర్చీ ఎక్కింది. "మా అన్నను చంపబాకండి సార్! నేను కూర్చుంటా."

ఇప్పుడు ఫోను మోగింది. చెల్లెలే.

"అన్నా, టీవీ చూస్తుండావా? నిక్కరు జాగ్రత్త!" అని పడీపడీ నవ్వుతోంది.

దానికి నిక్కరే గుర్తుంది. అది కుర్చీ ఎక్కగానే నా ఏడుపు ఠక్కున ఆగిపోవడం నాకు గుర్తుంది.