అన్నీ ఒక్క కాడనే ఆగినయి

నీలమ్మక్క మా ల్యాబులో పనికి చేరిన 2008లో, బొంగులూరు దగ్గర ఔటర్ రింగు రోడ్డుకు ఇంకా మట్టి పోస్తున్నారు. ఆమె రోజూ ఇబ్రహీంపట్నంలో ఏడింటి బస్సెక్కి వచ్చి, తొమ్మిదింటికల్లా గాజుసామాను కడగడం మొదలుపెట్టేది. అంతకుముందు పదేళ్లు నాట్లకు, కలుపుకు పోయిన మనిషి. చదివింది ఐదో తరగతి.

నేను అక్కడ సింధు మేడం దగ్గర పరిశోధన చేసే విద్యార్థిగా ఉన్నాను. మేడం పనంతా ఈస్ట్ మీదే, అంటే రొట్టెల పిండిని పొంగించే ఒంటికణం జీవి మీద. అందులో తల్లికణానికి మొగ్గలా పిల్లకణం పుట్టి, పెరిగి, విడిపోతుంది. విడిపోవాలంటే కొన్ని ప్రొటీన్ల మీద అతుక్కున్న ఫాస్ఫేట్ గుర్తులను ఎవరో పీకెయ్యాలి. ఆ పని ఫాస్ఫటేజ్ అనే ఎంజైముది. మేడం పెంచే రకంలో ఒక ఫాస్ఫటేజ్‌కు చిన్న లోపం ఉంది. ఇరవై ఐదు డిగ్రీల దగ్గర పనిచేస్తుంది, ముప్పై ఏడుకు చేరితే ఊరుకుంటుంది.

ఒక మే నెలలో మేడం ఢిల్లీ వెళ్లినప్పుడు, నేను ఆ ఈస్ట్ ఉన్న ఫ్లాస్కును పొరపాటున ముప్పై ఏడు డిగ్రీల షేకర్‌లో, అంటే ఫ్లాస్కులను ఊపే యంత్రంలో పెట్టాను. మూడు గంటల తర్వాత చూసుకుని, మైక్రోస్కోపు కింద ఒక చుక్క పెట్టాను. ప్రతి తల్లికీ పిల్ల అతుక్కునే ఉంది. ఫ్లాస్కును పారబొయ్యమని అక్కకు ఇచ్చాను. ఆమె తీసుకోలేదు.

"చచ్చినయా?"

"చచ్చినట్టే అక్కా. విడిపోతలేవు."

"జర నన్ను చూడనియ్యి."

రెండేళ్లుగా ఆ మైక్రోస్కోపును తుడిచింది తప్ప, అందులోకి చూడమని ఆమెతో ఎవరమూ అనలేదు. కన్ను కుదరడానికి కాసేపు పట్టింది. తర్వాత చాలాసేపు కదల్లేదు.

"అన్నీ ఒక్క కాడనే ఆగినయి, రాకేశ్. చచ్చేటియి గిట్ల ఆగయి. ఏడివాడ పడిపోతయి."

ఫ్లాస్కును ఇరవై ఐదు డిగ్రీల గదిలోకి మార్చాం. పది నిమిషాలకో చుక్క తీసి చూస్తూ కూర్చున్నాం. అక్క టిఫిన్ డబ్బా మూత తియ్యలేదు. నలభై నిమిషాలకు ఒక జంట విడింది. ఆ తర్వాత చూసిన ప్రతి చుక్కలోనూ తల్లులు, పిల్లలు వేరువేరుగా తేలుతున్నాయి.

వేడి తగ్గి ఫాస్ఫటేజ్ మళ్లీ పనిలో పడిందని, గుర్తులు పీకేసిందని చెప్పాను. మూడేళ్లుగా చదువుతున్న సంగతే. చెబుతూనే మళ్లీ ఒక చుక్క పెట్టి చూశాను.

"కంటికి కనవడని దాంట్ల గింత పద్ధతి ఉన్నదా," అంది అక్క, నన్ను కాదు, ఆ గాజుపలకను చూస్తూ.

మేడం రాగానే ఉన్నదంతా చెప్పాను. ఆమె తిట్టలేదు. అదే పనిని పద్ధతి ప్రకారం మళ్లీ చెయ్యమంది, కణాలను లెక్కపెట్టే పని నీలమ్మకు నేర్పింది. చుక్కకు రెండు వందల కణాలు, అతుక్కున్నవెన్ని, విడినవెన్ని. అక్క లెక్క నా లెక్కకంటే నిలకడగా ఉండేది.

రెండేళ్లకు వ్యాసం అచ్చయింది. చివర కృతజ్ఞతల్లో ఆమె పేరుంది. చూపించబోతే వద్దంది.

"పేరు గాదు. నేను లెక్కవెట్టినయి ఏడున్నయో చూపియ్యి."

నాలుగో పేజీలో, చల్లబరిచాక ఏ నిమిషానికి ఎన్ని కణాలు విడాయో చెప్పే గ్రాఫు చూపించాను. ఆమె గీత మొదట్లో వేలు పెట్టి మెల్లగా జరుపుతూ పోయి, అది ఒక్కసారిగా పైకి లేచేచోట ఆపింది.