రక్తం వెనక్కి అడిగిన పిన్నిగారు

మొన్న తెనాలిలో మా అన్నయ్య మనవరాలికి సంబంధం చూస్తుంటే, పెళ్ళికొడుకు తరఫువాళ్ళు జాతకంతో పాటు జన్యుపరీక్ష రిపోర్టు కూడా పంపమన్నారని విని, తింటున్న ఇడ్లీ పళ్ళెం పక్కకు నెట్టేశాను. ఆ రోత వాళ్ళ మీద కొంత, నా మీద ఎక్కువ.

బాపట్లలో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేరిన కొత్తలో, మా పెద్ద డాక్టరుగారు కీళ్లవాతం కొన్ని కుటుంబాలనే ఎందుకు పట్టుకుంటుందో తేల్చే పని పెట్టుకున్నారు. ఇంటింటికీ తిరిగి రక్తం తీయడం, ఎవరి వేళ్ళు వంకరపోయాయో, ఎవరు తప్పించుకున్నారో కనుక్కుని వంశపటం గీయడం నా వంతు. అదంతా పట్నం పంపి కంప్యూటర్‌కెక్కించి ఎవరికి ముప్పు ఎంతో అంచనా కట్టడం ఆయన వంతు. జన్యువు ఉన్నంత మాత్రాన జబ్బు వచ్చి తీరదని మొదటిరోజే మాకు చెప్పింది కూడా ఆయనే.

రేపల్లెలో ఒక పిన్నిగారు, గరిటె పట్టడానికి రెండు చేతులూ కావలసిన మనిషి, తను రక్తమిచ్చి, పెళ్ళికెదిగిన కూతుర్నీ పక్కన కూర్చోబెట్టి, నేను గీస్తున్న పటం చూస్తూ "ఈ కాగితం ఎవరికీ చూపించరు కదమ్మా?" అని అడిగింది.

"లేదండి పిన్నిగారూ, మా దగ్గరే ఉంటుంది" అన్నాను.

కొన్ని నెలలకు డాక్టరుగారి బంధువొకాయన ఆ పిల్ల సంబంధం గురించి ఆరా తీయడానికి వస్తే, ఈయన కాఫీ తాగుతూ నేను గీసిన పటం తీసి, ముప్పు ఎక్కువని గుర్తుపెట్టిన ఆ పిల్ల పేరు మీద వేలుపెట్టి నవ్వారు. నేను అక్కడే సీసాలకు చీటీలు అంటిస్తూ ఉండిపోయాను. సంబంధం తప్పిపోయాక అడిగితే, "ఉన్నదే చెప్పానుగా, అబద్ధమా?" అన్నారు.

ఆదివారం బస్సెక్కి వెళ్ళి పిన్నిగారికి జరిగింది చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు. "మా పిల్ల రక్తం మాకిచ్చేయండమ్మా" అంది, ఎరువిచ్చిన గిన్నె అడిగినట్టు. మర్నాడు ఫ్రీజర్‌లోంచి ఆ గొట్టం తీసి పారబోసి, పటం చింపి, డాక్టరుగారికి చేసింది మొహానే చెప్పి ఉద్యోగం మానేశాను. మిగతా ఇళ్ళ పటాలు మాత్రం ఆయన బీరువాలోనే వదిలేసి వచ్చాను. నా మీద రోత దానికే.

ఆ పిల్ల తరవాత టీచరై, నచ్చినవాణ్ణి చేసుకుంది. అరవైకి దగ్గరపడ్డా ఇప్పటికీ బోర్డు మీద ముత్యాల్లా రాస్తుంది.

మా మనవరాలు రిపోర్టు నిన్ననే పంపేసిందట. "అందరూ పంపుతున్నారు మామ్మా, ఇందులో ఏముంది?" అంది తేలిగ్గా. ఎవరి ఒంటి సంగతి వాళ్ళదే అనుకున్న మా కాలం ఎప్పుడు వెళ్ళిపోయిందో, నేను చూడనేలేదు.