తుడుం ఆపమన్న దేవత

జీవితంలో ఒకే ఒక్కసారి, అదీ అరకు సంతలో, పట్టపగలు, నేను దేవతనయ్యాను. ఎక్కువసేపు కాదు, ఓ పొట్లం పకోడీ తినేంతసేపు. ఆ కాస్తలోనే మా బ్యాండును మట్టిలో కలిపేశాను. ఇంత తక్కువ వ్యవధిలో ఇంత నష్టం చేసిన దేవత మన్యంలో మరొకరు లేరు.

మా బ్యాండు పేరు ‘పొగమంచు’. తొంభైల మొదట్లో పెట్టాం. ముగ్గురమే. గిటారు మురళిది, విశాఖలో కాలేజీ స్నేహితుడు. కీబోర్డు నాది, మా అమ్మ అరకులో మిషన్ బడి టీచరు, నేను చర్చిలో ఆర్గన్ వాయిస్తూ పెరిగాను. గొంతూ, తుడుమూ బలరాంవి. తుడుం అంటే మన్యం గిరిజనుల థింసా ఆటకు వాయించే పెద్ద చర్మవాద్యం. బలరాంది కొండమీద ఊరు, కాఫీ తోట. వాడు తుడుం మీద కర్ర వేస్తే ఎదుట నిలబడ్డవాడి గుండె తన పద్ధతి మానేసి వాడి పద్ధతిలో కొట్టుకునేది.

మేం వాయించేదానికి ‘సైకెడెలిక్ ట్రాన్స్ రాక్’ అని మురళి పేరు పెట్టాడు. ఒకే వరస తిరిగి తిరిగి, ఘాట్‌రోడ్డులా ఎంతకీ అయ్యేది కాదు. మా పాట మొదలవగానే వెళ్ళి టీ తాగి, టీకొట్టువాడితో తగాదా పడి, రాజీ కుదుర్చుకుని వచ్చినా మేం మొదటి చరణంలోనే ఉండేవాళ్ళం. కొన్నాళ్ళకు పోట్లాడుకుని విడిపోయాం. కారణం నేనే. తుడుం హోరులో నా కీబోర్డు ఎవరికీ వినబడదని నా ఏడుపు.

ఏళ్ళు గడిచాయి. రెండువేలు దాటాక మురళి ఓ కంప్యూటరు మోసుకుని కొండెక్కాడు. “ఒరే, ఇప్పుడు ఎక్కడ కూకుంటే అక్కడే రికార్డింగురా” అన్నాడు. బలరాం కాఫీ గింజలు దాచే షెడ్డులో, గోడలకు గోనెపట్టాలు కట్టి కొత్త ఆల్బం తయారుచేశాం. పాత కోపాలు పోయాయి. అంటే, వాళ్ళిద్దరివీ పోయాయి. నేను మాత్రం హెడ్‌ఫోన్ పెట్టుకున్నప్పుడల్లా “తుడుం కాస్త తగ్గించు” అనేవాణ్ణి.

“తుడుం తగ్గిత్తే ఇంకేటుంటాదిరా?” అని బలరాం నవ్వేవాడు.

వాడన్నది నిజం. అందుకే నాకు మరీ మండేది.

ఆల్బం విడుదల సంతరోజున, సంతలోనే పెట్టాం. ‘వింటే ఒళ్ళు మరిచిపోతారు’ అని పోస్టరు మీద నేనే రాశాను. ఒక్కరు మరిచిపోతే ఒట్టు! ఉల్లిపాయలు బేరమాడేవాళ్ళు ఆడుతూనే ఉన్నారు. ఒకాయన వచ్చి మా స్పీకరు మీద తడిగొడుగు ఆరేసుకుని వెళ్ళాడు.

మురళి వాయిస్తూనే నా పక్కకు జరిగాడు. “ఒక్కడూ ఊగట్లేదురా. పరువు పోతాది. నువ్వైనా ఊగు.”

“నేనా?”

“బేగి ఊగరా బాబూ!”

కళ్ళు మూసుకుని ఊగాను. ఆ ఊపులో కాలు వెళ్ళి కీబోర్డు వైరు మీద పడింది. దాని తొడుగును ఎలకలు ఎప్పుడు కొరికాయో, ఒళ్ళంతా జిల్లుమంది. గావుకేక పెట్టి గాల్లోకి ఎగిరాను.

చింతపండు అమ్ముతున్న ఓ ముసలమ్మ లేచి దణ్ణం పెట్టింది. “బాబుకి అమ్మోరు పూనినాదర్రా!”

క్షణాల్లో సంతంతా మా ముందుంది. ‘పొగమంచు’ పుట్టాక అంత జనాన్ని మేం చూడలేదు. మీరే చెప్పండి, “కాదమ్మా, షాకు కొట్టింది” అని అప్పుడే చెప్పెయ్యాలా, వద్దా? చెప్పెయ్యాలి. నేను చెప్పలేదు. జుట్టు విరబోసుకుందామంటే అప్పటికే సగం ఊడింది, కాబట్టి ఉన్న తలకాయనే గిరగిరా తిప్పాను. ఎవరో కాళ్ళ మీద పసుపునీళ్ళు పోశారు. ఎవరో చేతికి వేపమండ ఇచ్చారు. నేను బాప్తిస్మం తీసుకున్నవాడినన్న సంగతి నాకే గుర్తులేదు.

అప్పుడు బలరాం తుడుం దించి వచ్చి నా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వాడిది నటన కాదు. కళ్ళలో నీళ్ళున్నాయి.

“ఏటి తప్పు సేసినాం తల్లీ? సెప్పు, దిద్దుకుంటాం.”

“ఏ తప్పూ లేదు నాయనా” అంటే సరిపోయేది. ఏళ్ళ తరబడి కడుపులో దాచుకున్న ఏడుపు నోట్లోంచి తన్నుకొచ్చింది.

“ఆ తుడుం! నా సెవులు పగిలిపోతన్నాయి! ఆపు!”

కాస్త తగ్గిస్తాడనుకున్నాను, అంతే.

“సిత్తం తల్లీ” అన్నాడు బలరాం. తుడుమును తన కండువాతో చుట్టి, భుజానికెత్తుకుని, సగం పాటలో కొండదారి పట్టాడు.

ఆ రోజు మా క్యాసెట్లన్నీ అమ్ముడుపోయాయి. జనం వాటికి పసుపు రాసి దేవుడి పటాల పక్కన పెట్టుకున్నారు. విన్నవాడు ఒక్కడూ లేడు. ఆ వైభవం చూసి నేను నోరు కుట్టేసుకున్నాను.

“వెళ్ళి ఆడికి నిజం సెప్పరా” అని మురళి పోరుపెట్టాడు. “రేపు చెబుతాలే” అన్నాను. మా అమ్మ సంగతి ఇక చెప్పక్కర్లేదు. “ఏసయ్య పాటలు వాయించే చేత్తో వేపమండ పట్టావా!” అని వారం రోజులు నాతో మాట్లాడలేదు.

విశాఖ బీచిలో వాయించమని పిలుపొచ్చింది. పిలిచినాయన అడిగిన మొదటి మాట, “ఆ తుడుమాయన వస్తారు కదా?” బలరాం రానన్నాడు. మెషీన్ డ్రమ్ముతో వెళ్ళాం. మొట్టమొదటిసారి నా కీబోర్డు శుభ్రంగా వినబడింది. వినబడిన కాసేపటికే జనం లేచి సముద్రం వైపు వెళ్ళిపోయారు. మురళి కంప్యూటరు మళ్ళీ కొండెక్కలేదు.

అప్పుడు వెళ్ళాను బలరాం దగ్గరికి. వాకిట్లో కాఫీ గింజలు ఎండబోస్తున్నాడు. పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. “ఆ రోజు అమ్మోరు కాదురా, నేనే. నాకు షాకు కొట్టింది. తుడుం ఆపమన్నది నా కుళ్ళు. మళ్ళీ వాయించరా.”

బలరాం శాంతంగా విన్నాడు. వాడి వేళ్ళు బుట్ట మీద ఏదో దరువు మొదలుపెట్టి, అంతలోనే గుర్తొచ్చి ఆగిపోయాయి.

“నువ్వు ఒట్టి మైకువిరా” అన్నాడు జాలిగా. “మాట అమ్మోరిది. ‘ఆ మాట నాదే’ అని మైకు సెప్పుకుంటే నమ్మేత్తామేటి? కూకో, కాఫీ తాగుదువు గాని.”

తాగాను. అంత చేదు కాఫీ నేనెన్నడూ తాగలేదు.

కాబట్టి సమస్త పాఠకుల సమక్షంలో, తలమీద మిగిలిన నాలుగు వెంట్రుకల సాక్షిగా, ఇందుమూలంగా శపథం చేస్తున్నాను: ఇకమీదట నాకు షాకు కొడితే, “షాకు కొట్టింది” అనే అరుస్తాను.