చాటెడు తవుడుకు అమ్మిన పిల్లాడు

కాగితం పట్టుకొని ఒక మనిషి వచ్చిపోతే, కొన్నాళ్ళకు ఆ దారినే ఇంకొకటేదో వస్తుంది. ఇది ఏ పుస్తకంలోనూ చదివింది కాదు, కళ్ళతో చూసింది. డెబ్బయిల నడుమ మా ఆళ్ళగడ్డలో ఇల్లిల్లూ తిరిగి మగవాళ్ళ వయసులు, పిల్లల లెక్కలు రాసుకున్నారు. వెనకే జీపు వచ్చింది. పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్లకు పట్టుకుపోతారని సంతకు వచ్చిన మగవాళ్ళు మూటలు వదిలేసి జొన్నచేలలోకి పరిగెత్తారు. అట్లాగే కృష్ణ ఒడ్డు ఊళ్ళకు గొలుసులు తీసుకొచ్చి పొలాలు కొలిచారు. వెనకే నీళ్ళు వచ్చాయి.

అందుకే సర్వేకని వచ్చిన ఒక పట్నం అమ్మాయి నా ముందు నిలబడి "మాకు మీ సాయం కావాలండీ" అన్నప్పుడు నేను ముందు ఆమె మొహం చూడలేదు. చంకలో ఉన్న కాగితాల కట్ట చూశాను.

అప్పుడు నేను నంద్యాల తాలూకాఫీసు ఎదురుగా రేకుల పంచలో కూర్చొని అర్జీలు రాసేవాణ్ణి. బడిలో చదివింది నాలుగో తరగతి వరకే. మిగతాదంతా లైబ్రరీ బల్లల మీద, శనగలు కట్టిచ్చిన పొట్లం కాగితాల మీద చదువుకున్నాను. శ్రీశైలం డ్యాము నిండినాక ఊళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు కొందరు ఆళ్ళగడ్డ రోడ్డు పక్కన పాత పత్తి గోడౌన్లలో ఉండేవాళ్ళు. స్థలాలు చూపిస్తాం, అంతదాకా ఉండండి అన్నారట. చూపించేవాడు రాలేదు. గోనెపట్టాలు అడ్డం కట్టుకొని, ఒకరి పొయ్యి పొగ ఇంకొకరి కళ్ళలోకి పోతుంటే కాపురాలు చేసేవాళ్ళు. వాళ్ళ అర్జీలన్నీ నేనే రాసేవాణ్ణి కాబట్టి నా మాట వింటారని ఈ అమ్మాయికి ఎవరో చెప్పారు.

"ఏం అడుగుతావమ్మా వాళ్ళను?" అన్నాను.

"శరణార్థి శిబిరాల్లో పిల్లల రక్షణ గురించి జనం ఏమనుకుంటారో తెలుసుకోవాలండీ."

నాకు ఒళ్ళు మండింది. సొంత జిల్లాలో, సొంత భాష మాట్లాడుకుంటూ, తాతల పొలాల మీద నీళ్ళు నిలబెట్టుకొని కూర్చున్నవాడు శరణార్థి ఎట్లా అవుతాడు? అదే అడిగాను. ఆమె తల దించుకొని "అది మేం పెట్టిన పేరు కాదండీ" అంది. అంత మెత్తగా జవాబు చెప్పేసరికి నాకు ఇంకా అనుమానం పెరిగింది. అయినా పోయాను. నేను పోకపోతే ఇంకెవడో పోతాడు, వాడు ఏం చెప్తాడో ఏమో.

గోడౌన్ల ముందు చింతచెట్టు నీడలో కూర్చోబెట్టారు. ఆమె మొదటి ప్రశ్న, పిల్లల్ని కొడతారా అని. బీడీ తాగుతున్న ముసలాయన పొగ వదిలి, "కొట్టకుంటే యాడ పెరుగుతారప్పా? ఏమమ్మా, నువ్వు దెబ్బల్తినకుండానే ఇంత సదివినావా?" అన్నాడు. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వారు.

"పిల్లల్ని పనికి పంపుతారా?"

"ఊరు ముంచేటప్పుడు మమ్మల్ని ఎవరూ ఏమీ అడగల్యా. ఇప్పుడు పిల్లోల్లు యాడికి పోతాండారో అడగను వొచ్చినారు," అన్నాడు అదే ముసలాయన.

ఎవరో నా చెవిలో, "ఏందన్నా ఇది? పిల్లోల్లను ఎత్తకపోతారా ఏంది?" అన్నారు. అందరి కళ్ళలోనూ అదే మాట కనబడింది. పిల్లలు ఒక్కొక్కరే గోనెపట్టాల వెనక్కు మాయమైపోయారు.

ఒక్క పిల్లాడు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఐదేళ్ళుంటాయి. ముక్కుకు రాగి పోగు. జొన్నలు చెరుగుతున్న ఒకామె మోకాలి మీద వాలి, "అక్కా, ఆకలైతాంది" అన్నాడు. ఆమె ఒక రొట్టెముక్క చేతిలో పెట్టింది కానీ వాడి మొహం వైపు చూడలేదు.

పట్నం అమ్మాయి నవ్వుతూ, "మీ తమ్ముడా?" అని అడిగింది.

"కాదు."

"మీ అబ్బాయా మరి?"

ఆమె చెరగడం ఆపింది. "నా పిల్లోడు కాదమ్మా. అమ్మేసినా."

ఆమె సంగతి నాకు తెలుసు. ముందు పుట్టిన పిల్లలు ఒక్కరూ నిలవలేదు. వీడు కడుపులో ఉన్నప్పుడే అమ్మాలని అనుకుంది, పుట్టగానే చాటలో పడుకోబెట్టి పరాయి మనిషికి అమ్మింది. కొన్నది ఊళ్ళో పక్కింటి దూదేకుల అవ్వ, ఇక్కడా పక్క గోనెపట్టా వెనకే ఉంటుంది. వెల, చాటెడు తవుడు. ఆ రోజు నుంచి వాడికి అవ్వే అమ్మ, కన్నతల్లి అక్క. పెండ్లినాడు మళ్ళీ తవుడిచ్చి కొనుక్కునేదాకా నా కొడుకు అని ఆమె నోట రాకూడదు. పిల్లల్ని ఎత్తుకుపోయేది ఏదో చుట్టుపక్కలే చెవులు రిక్కించుకొని ఉంటుంది. ఈ పిల్లాడు ఈ తల్లి బిడ్డ కాదని అది నమ్మాలి. అందుకే ఆ పోగు, అందుకే ఆ పిలుపు, అందుకే ముద్దు చేయకపోవడం. మా వైపు ఇది కొత్తేమీ కాదు. తవుడు పేర్లు, పెంట పేర్లు పెట్టుకున్న పెద్దమనుషులు ఎంతమంది లేరు?

ఇదంతా ఆ అమ్మాయికి విడమరిచి చెప్పాను. ఆమె కళ్ళు పెద్దవి చేసుకొని విన్నది. "ఎంత బాగుందండీ!" అంది. ఏం బాగుంది? కన్నకొడుకును కొడుకని పిలవలేని బతుకులో ఆమెకు ఏం బాగు కనబడిందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. వాళ్ళ కుండలో నీళ్ళు తాగింది, రొట్టె తిన్నది, అందరికీ దండం పెట్టి పోయింది. అది కూడా నాకు నచ్చలేదు.

కొన్ని వారాలు గడిచాయి. ఒకరోజు పొద్దున నేను అర్జీ మధ్యలో ఉండగా బీడీ ముసలాయన రొప్పుతూ వచ్చాడు.

"అన్నా, బేగా రా. జీపొచ్చింది. ఆయమ్మ పిల్లోన్ని పట్టుకపోతామంటాండారు."

కలం అక్కడే పడేసి సైకిలెక్కాను. ఆ అమ్మాయే చెప్పిందో, ఆమె రాసుకుపోయింది చదివినవాడెవడైనా చెప్పాడో తెలియదు. తెలుసుకుందామన్నా దారి లేదు. అనుమానం మాత్రం నా దగ్గరే ఉండిపోయింది.

పిల్లల సంక్షేమం చూసే అధికారి అట, ఇస్త్రీ చొక్కా. జీపు పక్కనే పిల్లాడు, వాడి భుజం మీద జవాను చెయ్యి. అవ్వ నేల మీద కూర్చొని ఉంది. కన్నతల్లి దూరంగా గోడకు ఆనుకొని నిలబడింది. ఆమె మొగుడు కొలిమిగుండ్ల వైపు బండలు తీసే పనికి పోయి ఉన్నాడు.

"ఆచారం అది, అమ్మకం కాదు," అన్నాను.

"చూడండి పెద్దాయనా," అన్నాడు అధికారి, ఓపికగానే. "కన్నామె నా బిడ్డ కాదంటోంది. ఈ ముసలామె కొన్నానంటోంది. బాబును అడిగితే కన్నామెను అక్క అంటున్నాడు. నేనేం చేయాలి? కర్నూలు హోమ్‌లో చేర్పిస్తాను. అక్కడ బాగానే చూసుకుంటారు."

"నా పిల్లోడని ఆయమ్మ చెప్తే?"

"చెప్పమనండి. ఇప్పుడే దించేసి పోతాను."

అందరం ఆమె వైపు తిరిగాం. ఆమె పెదవి కదిలింది, మాట రాలేదు. చెప్పకపోతే జీపు ఎత్తుకుపోతుంది. చెప్తే, ముందు పిల్లల్ని ఎత్తుకుపోయింది మళ్ళీ వస్తుంది. పరీక్షలు పాసై వచ్చిన ఆ మనిషికి ఈ రెండింటి నడుమ నిలబడ్డ తల్లి కనబడలేదు. నోరు విప్పని నేరస్తురాలు కనబడింది.

"చూశారా," అన్నాడు.

"పిల్లోల్లు పోయిన తల్లి నోరది, అంత సులువుగా రాదు!" అని అరిచాను. నా అరుపుకు పిల్లాడు ఏడుపు మొదలుపెట్టాడు. "అక్కా! అక్కా!" అని ఆమె వైపే చేతులు చాచాడు.

అప్పుడు కదిలింది. వాడి దగ్గరకు పోలేదు. ఎదురు గోడౌనులో గేదె ఉన్నవాళ్ళ వైపు తిరిగి, "మీ ఇంట్లో తవుడుందా వొదినా?" అంది. ఎవరికీ అర్థం కాలేదు. నాకు మాత్రం అర్థమైంది. చాటలో తవుడు పోయించుకొని వచ్చి అవ్వ ముందు పెట్టింది.

"అవ్వా, నా పిల్లోన్ని నాకీ."

అవ్వ తల ఎత్తింది. "పెండ్లినాడు గదే కొనాల్సింది. ఇప్పుడేందే?"

"ఈయ్ అవ్వా."

అవ్వ తవుడులో చెయ్యి పెట్టి చూసింది. "ఇది తక్కువుంది. నేనిచ్చినప్పుడు కుప్పగా ఉన్నె."

"అవ్వా, జీపు నిలబడుకోనుంది!"

"నిలబడుకోనీ. బేరం బేరమే. సగం బేరానికి తెచ్చుకున్న పిల్లోడు నిలుస్తాడనుకుంటాండావా?"

అధికారి నా వైపు చూశాడు, ఏమిటిది అన్నట్టు. నేను చెప్పలేదు. చెప్పి ఒకసారి చూశాను కదా. ఇంకో చేరెడు తవుడు తెచ్చి పోశారు. చాట కుప్పగా నిండినాక అవ్వ దాన్ని వొళ్ళోకి లాక్కొని, "తీస్కపో" అంది.

తల్లి పిల్లాడి దగ్గరకు పోయింది. జవాను చెయ్యి తీసేసింది. వాడి వెనక నిలబడి రెండు చెవులూ అరచేతులతో గట్టిగా మూసింది.

"నా కొడుకు సార్," అంది. "నేను కన్న కొడుకు."

ఎంత చిన్నగా అన్నదంటే, పక్కనున్న నాకే వినబడీ వినబడనట్టు ఉంది. అయినా అధికారికి వినబడింది. ఏదో రాసుకున్నాడు, ఆమె వేలిముద్ర వేయించుకున్నాడు, ఇట్లాంటి మూఢనమ్మకాలు మానుకోవాలని కొంతసేపు చెప్పాడు. జీపు పోయింది.

దాని దుమ్ము ఇంకా రోడ్డు మీద ఉండగానే ఆమె అవ్వ వొళ్ళోంచి చాట తీసుకొని తవుడు పక్కకు గుమ్మరించి, ఐదేళ్ళవాణ్ణి ఆ ఖాళీ చాటలో కూర్చోబెట్టింది. వాడి కాళ్ళు బయటికి వేలాడాయి. అందరూ చూస్తుండగా చాట అవ్వ వైపు నెట్టింది.

"కొంటావా అవ్వా?"

"ఎంతకిస్తావ్?"

"చాటెడు తవుడుకు."

పిల్లాడు కళ్ళు తుడుచుకుంటూ, "నేనిప్పుడు ఎవరి పిల్లోన్నీ?" అన్నాడు.

"నోర్మూసుకో," అంది అవ్వ వాణ్ణి వొళ్ళోకి లాక్కుంటూ. "నా పిల్లోనివి."

ఆ తర్వాత గోడౌన్లు ఖాళీ అయ్యాయి. కొందరు దొర్నిపాడు వైపు కూలికి పోయారు, కొందరు బతకడానికి సున్నిపెంటకు పోయారు. ఎనభయిలు ముగిసే ముందు నేను ఆళ్ళగడ్డకే వచ్చి బస్టాండు దగ్గర అర్జీలు రాస్తున్నాను. ఒకరోజు ఆ తల్లి వచ్చింది, ఇంటి స్థలానికి అర్జీ రాయించుకోడానికి. పక్కన ఒక పిల్లాడు, నా భుజం దాకా పెరిగాడు, చెరకుముక్క నమలుతున్నాడు. ముక్కుకు అదే రాగి పోగు.

పేరు, ఊరు, మునిగిన పొలం రాశాను. "పిల్లలు ఎంతమంది అని రాయల్లమ్మా? ఉన్నోల్లకు ముందిస్తారంట," అన్నాను.

ఆమె ముందు బస్టాండు గేటు వైపు చూసింది. తర్వాత రోడ్డుకు అటూ ఇటూ చూసింది. జీపేమీ లేదు.

"ల్యారని రాయన్నా," అంది.

పిల్లాడు పిప్పి ఊసి, "అక్కా, బస్సొస్తాంది" అన్నాడు.

లేరని రాశాను.