సున్నా కదలకూడదు

మోటార్లకు తీగ చుట్టి బతికే మనిషికి టీవీ బొమ్మల గొడవ ఎందుకో చెప్పండి? కానీ మన వైండింగాయన పడ్డ పాట్లు చూస్తే జాలేస్తుంది. పంపు కాలినా, మిక్సీ పొగలు కక్కినా వీధి వీధంతా ఆయన కొట్టు ముందు వాలుతుంది. బయట అంత పలుకుబడి ఉన్న మనిషి ఇంట్లో నోరు విప్పడు. ఒక పక్క అక్క, ఇంకో పక్క భార్య. ఎవరి మాట కాదన్నా రెండోవాళ్ళ వైపు వెళ్ళినట్టే.

ఆ ఇద్దరూ కాలేజీ రోజుల్లో ఒకే పరుగుపందెంలో పరిగెత్తారు. అక్క మొదట, భార్య తర్వాత అని తేల్చారు. అప్పటికి ఇద్దరూ ఒకరికొకరు ముక్కూ మొహం తెలియనివాళ్ళు. ఆ మైదానంలో కుదిరిన స్నేహమే పెరిగి పెద్దదై ఈయన పెళ్ళి దాకా వచ్చింది. పిల్లలు ఎదిగొచ్చారు గానీ ఆ పందెం మాత్రం ఇప్పటికీ పూర్తి కాలేదు. "రిబ్బను ముందు తాకింది నేనే, ఆ జడ్జి కళ్ళద్దాలు ఇంట్లో మర్చిపోయొచ్చాడు" అని ఈవిడ. "ఓడిపోయినవాళ్ళకి జడ్జిలెప్పుడూ గుడ్డివాళ్ళేలే" అని ఆవిడ.

అలాంటి ఇంట్లో, ఆ పాత పోటీల దృశ్యాలు ఆదివారం పొద్దున ఒక్కసారి వేస్తామని టీవీలో ప్రకటించారు.

"ఏమండీ, దాన్ని మీ కంప్యూటర్లో రికార్డు పట్టండి. ఒక్కో బొమ్మా ఆపి చూస్తే నిజం తేలిపోతుంది" అంది భార్య.

అక్క ఫోన్ చేసి మరీ చెప్పింది. "పట్టరా తమ్ముడూ. కానీ సరిగ్గా రిబ్బను దగ్గర ఒక్క బొమ్మ ఎగిరిపోయిందో, పెళ్ళాం కోసం నువ్వే తీసేశావంటాను."

"నేనూ అంతే. మీ అక్కయ్య కోసం తీసేశారంటాను" అంది పక్కనుంచి భార్య.

పీకల మీదికి రావడమంటే ఇదే. టీవీలో సెకనుకు ఇరవై అయిదు బొమ్మలు వస్తాయి. కంప్యూటర్లో పెట్టిన టీవీ కార్డు వాటిని అందుకుంటుంది, కంప్యూటరు ఒక్కొక్కటిగా డిస్కులోకి దించుకోవాలి. మధ్యలో ఇంకో పని నెత్తిన పడిందా, చేతిలో బొమ్మ జారిపోతుంది. ఎన్ని జారాయో తెర మూల ఒక అంకె చూపిస్తూ ఉంటుంది. ఆయన వార్తలు పట్టి చూశాడు, వాతావరణం పట్టి చూశాడు. ఎప్పుడు చూసినా ఆ అంకె ఆటో మీటరులా పరిగెడుతూనే ఉంది.

చుట్టేది తీగ కాబట్టి ఆయన అనుమానం ముందు కరెంటు మీదికే పోయింది. వోల్టేజి నిలకడగా లేదని తేల్చుకుని స్వయంగా స్టెబిలైజరు చుట్టుకొచ్చాడు. ఫ్యాను కూడా వెయ్యనివ్వలేదు. అంకె ఆగితేనా! డిస్కులో చెత్తంతా ఊడ్చాడు, వైరసులు వెతికే ప్రోగ్రామును ఆపేశాడు. కాస్త తగ్గింది గానీ పోలేదు. శనివారం మధ్యాహ్నం, విసుగెత్తి, తెర మీద ఆడుతున్న టీవీ బొమ్మను మూసేశాడు. రికార్డింగు మాత్రం లోపల నడుస్తూనే ఉంది. అంకె టక్కున నిలిచిపోయింది! తెరిచాడు, పరిగెత్తింది. మూశాడు, ఆగింది.

"దొరికాడే! దొంగ దొరికాడు!" అని అరుస్తూ వంటింట్లోకి ఉరికాడు.

"ఎవరండీ?"

"నేనేనే! సరిగ్గా పడుతోందా లేదా అని తెర నిండా పరుచుకుని కూర్చున్నది నేనే కదా. నాకు చూపించే పనిలో పడి అది బొమ్మలు జారవిడుస్తోంది!"

ఆదివారం అక్క తెల్లారకుండానే దిగింది. ఆయన తలుపు దగ్గర నిలబడి షరతు చెప్పాడు. "పట్టేటప్పుడు ఎవరూ చూడకూడదు. కేబులు రెండుగా చీలిస్తే బొమ్మ మసకేస్తుంది, కాబట్టి హాల్లో టీవీ కూడా లేదు. వినడమే."

"చూసే పందేన్ని వినడమేంట్రా!" అంది అక్క. కానీ కూర్చుంది.

ముగ్గురూ ఖాళీ తెర మూలన ఒంటరిగా ఉన్న సున్నా వైపు కళ్ళార్పకుండా చూస్తున్నారు. స్పీకరులో జనం హోరు. తుపాకీ పేలింది. ఆయన భార్య కూర్చున్నచోటే పరిగెడుతున్నట్టు కాళ్ళు ఆడిస్తోంది. అక్క లేచి నిలబడి "లాగు, లాగు!" అని తనను తనే తరుముకుంటోంది. ఆ ఊపులో ఆమె చెయ్యి బల్లకు తగిలింది. "ముట్టుకోకే అక్కా!" అని ఆయన ప్రాణం పోయినంత పనిగా అరిచాడు. హోరు మిన్నంటింది, చప్పట్లు మోగాయి. సున్నా సున్నాలాగే ఉంది. ఆయనకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

ఇక చూడటం మొదలుపెట్టారు. రిబ్బను దగ్గరికి రాగానే ఒక్కో బొమ్మా జరిపాడు. ఒక బొమ్మలో ఇద్దరూ రిబ్బనుకు జానెడు దూరంలో ఉన్నారు. తర్వాతి బొమ్మలో రిబ్బను ఇద్దరి మీదా సాగి ఉంది.

"మధ్యది ఏదిరా?" "మధ్యది ఏదండీ?" రెండు గొంతులు ఒక్కసారే లేచాయి.

"మధ్యది లేదు! టీవీ వాళ్ళే తియ్యలేదు! ఆ సున్నా చూడండి తల్లీ, నా తప్పేం లేదు!" అంటూ ఆయన ముందటి బొమ్మకు వెనక్కి వెళ్ళాడు.

భార్య తెర మీదికి వంగింది. "వదినా, రిబ్బను సంగతి వదిలెయ్. మన మొహాలు చూడు."

ఇద్దరిలో ఎవరూ రిబ్బను వైపు చూడటం లేదు. తలలు తిప్పి, నోళ్ళు తెరుచుకుని, పక్కనున్నది ఎవరా అని ఒకరినొకరు చూసుకుంటున్నారు.

"మనం మొదటిసారి చూసుకున్నది ఇదేనా?"

"ఇదేనే మరదలా. అంతకుముందు నీ మొహం నాకెక్కడ తెలుసు!" అక్క తెర మీద వేలు పెట్టింది. "ఎంత బక్కగా ఉన్నావే."

ఆయన వెనకా ముందూ జరిపి చూశాడు. అంతకు ముందున్న బొమ్మలో ఇద్దరివీ పక్క మొహాలే, తర్వాతి దాంట్లో జుట్టు అడ్డొచ్చింది. ఇద్దరూ చూసుకున్నది ఆ ఒక్క బొమ్మలోనే. అదే జారిపోయి ఉంటే అన్న ఊహకు ఆయన ఒళ్ళు జలదరించింది, ఆ వెంటనే పట్టరాని సంతోషం ముంచెత్తింది.

"ఏమండీ, దీన్ని కదపకండి" అంది భార్య.

ఆయన మౌసు మీద నుంచి చెయ్యి తీసేశాడు.