ఫిల్మ్‌నగర్ గోదాములో ట్యూబా

సోమవారం ఉదయం తొమ్మిదింటికి ఫిల్మ్‌నగర్‌లో రిపోర్ట్ చేశాను. కొండరాళ్ల మధ్య సందు. చివర రేకుల గోదాము. అప్పటికే ఎండ మండుతోంది. నా సంచిలో టార్చి, మెత్తటి గుడ్డలు, వాల్వు నూనె, బాకాకు తగిలించి ఊదే నా సొంత మౌత్‌పీసు.

ఇరవై రెండేళ్లు రెజిమెంటు బ్యాండులో ట్యూబా వాయించాను. అన్నిటికంటే పెద్ద బాకా, అన్నిటికంటే కింది స్వరం. సరిహద్దుకు పంపితే బ్యాండు వాళ్లమే స్ట్రెచర్లు మోస్తాం. రెండు పనులకూ ఊపిరి కావాలి. రిటైరై తొమ్మిదేళ్లయింది. ఈ తొమ్మిదేళ్లూ ట్యూబా ముట్టుకోలేదు.

నన్ను పిలిపించింది గోదాము యజమానురాలు కనకదుర్గ గారు. భీమవరం వైపు మనిషి. షూటింగులకు పాత సామాను అద్దెకిస్తారు. భర్త నిరుడు పోయారు. గురువారానికి గోదాము ఖాళీ చెయ్యాలి.

"హవల్దారు గారూ, ఇది నిజం బాకానా, షూటింగుకి చేయించిన డమ్మీనా అండీ? జూబ్లీహిల్స్ డెకరేటర్ ఒకాయన బుధవారం వస్తానన్నాడు. నిలువునా కోసి హాల్లో దీపం చేస్తాడట. ఇరవై వేలిస్తాడట. విలువ తెలియకుండా ఎలా ఇచ్చెయ్యను?"

"మూడు రోజులివ్వండి. చెబుతాను," అన్నాను.

అట్ట సింహాసనం వెనక ట్యూబా బోర్లా పడి ఉంది. ఏ షూటింగుకో ఒళ్లంతా బంగారు రంగు కొట్టారు. ఎత్తి చూశాను. పది కిలోలుంటుంది. డమ్మీకి ఆ బరువు రాదు.

థిన్నర్‌తో తుడవడం మొదలుపెట్టాను. పన్నెండింటికి చెక్కిన అక్షరాలు బయటపడ్డాయి. కంపెనీ పేరు సగం అరిగింది. కింద లండన్ అని ఉంది. వేళ్లతో నొక్కే వాల్వుల్లో రెండోదాని మీద నంబరు. ఫొటోలు తీసి, కోసి దీపం చేస్తారట అని కూడా రాసి, మా పాత బ్యాండ్ మాస్టరుకు విజయనగరం పంపాను. పది నిమిషాల్లో ఫోను.

"నంబరు చదువు."

చదివాను.

"మళ్లీ చదువు. వాల్వులెన్ని?"

"నాలుగు సార్. మూడు కదులుతున్నాయి. నాలుగోది పట్టేసింది."

"బలవంతం చెయ్యకు. నూనె పోసి ఆగు. అది చేత్తో కొట్టి చేసిన కాలం నాటిది. కొయ్యనిచ్చావో, నీకు కోర్టు మార్షలే."

మంగళవారం సొట్టల పని. రహమత్ నగర్‌లో మా పక్కింటి యాదగిరి కార్ల సొట్టలు తీసే మేస్త్రి. వెంట తెచ్చుకున్నాను. చేత్తో తడిమి చూశాడు.

"గిది కారు బానెట్ కాదన్నా. రేకు మస్తు పల్చగుంది. జోర్ జేస్తే చిరుగుతది. లోపలికెల్లి మెల్లగ రుద్దుత. ఫికర్ జెయ్యకు."

నేను టార్చితో గొట్టాలన్నీ చూశాను. ఇత్తడి మీద గులాబి మచ్చలుంటే లోపలి నుంచి కుళ్లుతోందని అర్థం. మౌత్‌పీసు గొట్టం మీదే ఉన్నాయి. అదొక్కటీ మార్చాలి. నాలుగింటికి నాలుగో వాల్వు వదిలింది. వాల్వు నొక్కకుండా దాని చిన్న గొట్టం లాగాను. టప్ మంది. అంటే గాలి కారడం లేదు.

బుధవారం పదకొండింటికి డెకరేటర్ వచ్చాడు. నేను వెల రాసిన కాగితం కనకదుర్గ గారి చేతికిచ్చి, పైకే చదివాను. "పాత ఇత్తడిగా ఐదు వేలు. వాయించే వాద్యంగా లక్షా ఇరవై వేలు. రిపేరు ఖర్చు తీసేసే రాశాను."

అతను నవ్వాడు. "అంకుల్, నాకు షేప్ చాలు. అసలిది మోగుతుందని గ్యారంటీ ఏంటి?"

"నేనే."

స్టూలు లాక్కుని కూర్చున్నాను. మొదటి ఊపిరికి గాలి తప్ప ఏమీ రాలేదు. పెదాలు బిగించాను. రెండో ఊపిరికి స్వరం పలికింది. గోదాము రేకులు అదిరాయి. మా రెజిమెంటు స్లో మార్చ్ బాణీ మొదలుపెట్టాను.

"ఆగండి!" అన్నారు కనకదుర్గ గారు. "ఈ చప్పుడు నాకు తెలుసండీ. రోజూ భోజనమయ్యాక మా ఆయన ఈ గోదాము షట్టరు దించుకునేవారు. వెనక మా ఇంటి కిటికీలు అదిరేవి. అడిగితే జనరేటర్ వేశాననేవారు. అన్నేళ్లూ జనరేటరే అనుకున్నానండీ."

ఆమె డెకరేటర్ వైపు తిరిగారు. "అమ్మనండీ. మీరు వెళ్లి రండి."

అతను వెళ్లాక నాతో అన్నారు. "మళ్లీ వాయించండి. ఈసారి ఆపొద్దు."

మూడున్నరకు డ్యూటీ ముగిసింది. యాదగిరి స్కూటరు వెనక కూర్చుని రహమత్ నగర్ చేరాను. మా ఆవిడ టీ ఇచ్చి ఏమైందని అడిగింది. అంతా చెప్పాను. ఒక్కటి మాత్రం మాటల్లో పెట్టలేకపోయాను. ఇప్పటికీ కళ్లు మూసుకుంటే అదే. నేను వాయిస్తుంటే కనకదుర్గ గారు అరచెయ్యి ట్యూబా ఒంటి మీద ఆనించారు. చెయ్యి కదలడం లేదు. మణికట్టున రెండు గాజులు మాత్రం వాటంతటవే సన్నగా మోగుతున్నాయి.