బాల్కనీలో ఎరువు బకెట్టు

పళ్ళ డాక్టరు దగ్గర నర్సుగా పనిచేసే ఆ తల్లి ఇంటికి చేరేసరికి కాళ్ళు ఆమె మాట వినవు. అయినా సంచి భుజాన ఉండగానే బాల్కనీలోకి నడవాల్సిందే. ఆరేళ్ళ కూతురు అక్కడ ఎరువు బకెట్టు మూత ఎత్తి పట్టుకుని కాచుకుని ఉంటుంది. ఇంటిల్లిపాదీ కలిసి చెత్తను ఎరువు చేయాలని బళ్ళో చెప్పారట. ఇంటిల్లిపాదీ అంటే ఎవరో తల్లికి బాగా తెలుసు. తొక్కలు సన్నగా తరగాలి, ఎండుటాకులు పరచాలి, వానపాములకు ఊపిరాడేలా పుల్లతో కదపాలి. ముక్కుకు చెయ్యి అడ్డం పెట్టుకుని, సణుక్కుంటూనే అన్నీ చేస్తుంది.

ఒకరోజు పొద్దున్న డ్యూటీ హడావిడిలో అరటితొక్కను మామూలు చెత్తబుట్టలో పడేసి, పైన కాగితం కప్పింది. కూతురు దాన్ని రెండు వేళ్ళతో పట్టుకొచ్చి, "ఎవరి పని ఇది? వేసినవాళ్ళు వానపాములకు సారీ చెప్పాలి," అంది.

"మీ నాన్నదే అయ్యుంటుంది," అనేసింది తల్లి.

గడ్డం గీసుకుంటున్న ఆ మహానుభావుడు భార్య మొహం ఒకసారి చూశాడు. సబ్బునురగతోనే వెళ్ళి, బకెట్టు ముందు గొంతుక్కూర్చుని వానపాములకు సారీ చెప్పాడు. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

"లేవండి మీరు! నేనే వేశానే, విసుగొచ్చి వేశాను. సరేనా?"

"తెలుసమ్మా. నాన్నకు అరటిపండు పడదుగా."

"తెలిసీ ఆయన చేత ఎందుకు చెప్పించావే?"

"నాన్నయితే గొడవ చెయ్యకుండా చెప్తాడు."

తల్లి గడియారం చూసింది. బస్సు ఎటూ తప్పిపోయింది. కత్తి అందుకుని, ఆ తొక్కను ఎన్నడూ లేనంత సన్నగా తరిగింది.